మీటరు బిగించే చెయ్యి

చేపలూ ఐసూ నింపుకొన్న డీజిల్ పికప్ కొల్లేరు చెరువుగట్ల మీద మొదటి గేరులో కదులుతుంటే రేడియేటర్‌కు ఎదురుగాలి అందదు. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి కన్నా కైకలూరు వైపు గట్లబాటే ఇంజనుకు గట్టి పరీక్ష. అందుకే ఆ బండికి టెంపరేచర్ మీటరు బిగించే ఆటో ఎలక్ట్రీషియన్ పని నాకు ఎంతో గౌరవించదగ్గదిగా తోస్తుంది. అమెరికా పికప్‌లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ వేడికి మీటరు పెట్టుకుంటారు. మన సరుకు బండ్లలో ఎక్కువగా చేత్తో మార్చే గేర్లే కాబట్టి ఇక్కడ కనిపెట్టాల్సింది కూలెంట్ వేడిని.

కంపెనీ ఇచ్చిన ఎర్రదీపం ఉందిగా అనవచ్చు. అది వెలిగేసరికి వేడి హద్దు దాటిపోతుంది. రోజూ 85 డిగ్రీల దగ్గర నిలిచే ముల్లు 95కు పాకిందంటే, హెడ్ గాస్కెట్ కాలకముందే డ్రైవరు బండి ఆపుకోగలడు. అయితే ఆ ముల్లు నిజం చెప్పడం బిగించినవాడి చేతిలో ఉంది. వేడెక్కేకొద్దీ సెన్సర్‌లో విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఒంటి వైరు సెన్సర్‌కు ఇంజను లోహమే ఎర్త్. సెన్సర్ మరల మీద టేపు మందంగా చుడితే కారుడు ఆగుతుంది గానీ, ఎర్త్ సరిగా అందక నిరోధం పెరిగి ముల్లు ఉన్న వేడి కంటే తక్కువ చూపుతుంది. తప్పు చెప్పే మీటరు అసలు లేనిదానికన్నా ప్రమాదం. కూలెంట్ మొత్తం కారిపోతే మంచి మీటరు కూడా మోసపోతుందన్న అభ్యంతరం నిజమే. సెన్సర్‌కు తగిలేందుకు ద్రవమే ఉండదు మరి. నిఖార్సైన పనివాడు ఫ్యూజు పెట్టి, వైరును సైలెన్సర్ గొట్టానికి దూరంగా తొడుగులో నడిపి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు రోజూ కూలెంట్ మట్టం చూసుకోమని డ్రైవరుకు చెప్పాకే బండి అప్పగిస్తాడు.