చిల్లులున్న పుస్తకంతో ఏం చెయ్యాలి?

ఎరిక్ కార్ల్ రాసి, బొమ్మలు వేసిన ‘ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్’ మా ఇంట్లో రెండు కాపీలుంది. ఒకటి మా అమ్మాయి పుట్టినప్పుడు ఎవరో ఇచ్చిన అట్టల పుస్తకం. దాని మూలలు నమిలేసి ఉన్నాయి. రెండోది మామూలు కాగితాలది, నాలుగో పుట్టినరోజుకి నేనే కొన్నాను. ఆ కొన్నదాని మీద ఒక్క మరకా లేదు. అలా ఎందుకు మిగిలిందో చెప్పడానికే ఈ వ్యాసం.

కొన్నాక నేను చేసిన మొదటి పని, ఆ పుస్తకం ఆధారంగా ఇంట్లో పిల్లలతో ఏమేం చేయించొచ్చో వెతకడం. ఒక రాత్రి కూర్చుంటే నలభై పేజీల ప్రింటౌట్లు తేలాయి. ఏ వారం ఏ పండు తిందో గీత గీసి కలపండి. రేగుపళ్ళంత పాంపం బంతులు వరసగా అతికించి పురుగు చెయ్యండి. గుడ్ల అట్టపెట్టెను నిలువుగా కోసి పచ్చరంగు వెయ్యండి. గుడ్డు, పురుగు, గూడు, సీతాకోకచిలుక బొమ్మలు కత్తిరించి గుండ్రంగా అతికించండి. శనివారం తిన్నవాటిలో మంచి తిండి ఏది, చెడ్డ తిండి ఏది? నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి వాటికో స్ప్రెడ్‌షీట్ కూడా తయారయింది. లెక్కలు, వారాల పేర్లు, జీవచక్రం, ఆహారం అని నాలుగు కాలమ్‌లు. పూర్తయినదాని పక్కన టిక్కు.

మూడు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు పడుకోబోయే ముందు పుస్తకం తీస్తే మా అమ్మాయి అంది: “అది వద్దు నాన్నా, అందులో వర్క్ ఉంటుంది.”

అట్టల పుస్తకాన్ని రెండేళ్ళపాటు రోజూ నమిలిన పిల్ల అన్న మాట ఇది. తప్పు ఆ కాగితాలదా, నాదా అని కొన్నాళ్ళు ఆలోచించాను. ఇద్దరిదీనూ.

ముందు పుస్తకం సంగతి చూద్దాం. 1969లో వచ్చింది. కథ ఎవరైనా అర నిమిషంలో చెప్పగలరు. గుడ్డులోంచి ఒక చిన్న పురుగు బయటికొస్తుంది. సోమవారం ఒక ఏపిల్, మంగళవారం రెండు పియర్‌లు, అలా శుక్రవారానికి ఐదు నారింజలు తింటుంది. శనివారం కేకు, ఐస్‌క్రీం, పచ్చడి, చీజు, సలామీ మొదలు పుచ్చకాయ దాకా పది రకాలు లాగించి కడుపునొప్పి తెచ్చుకుంటుంది. ఆదివారం ఒక పచ్చటి ఆకు తిని కుదుటపడుతుంది. గూడు కట్టుకుని రెండు వారాల పైచిలుకు అందులో ఉండి, సీతాకోకచిలుకై వస్తుంది. (పచ్చడంటే అక్కడ ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయ. మా అమ్మాయి మాత్రం ఆవకాయే అనుకుంది, నేను సరిదిద్దలేదు.)

ఇలా చెబితే ఇది నిజంగా పాఠమే. ప్రింటౌట్లు చేసేవాళ్ళు అబద్ధమేమీ ఆడటం లేదు. అంకెలున్నాయి, వారాలున్నాయి, జీవచక్రం ఉంది. కానీ పుస్తకం చేతిలోకి తీసుకుంటే మొట్టమొదట తగిలేది ఇవేవీ కావు, చిల్లు. సోమవారం పేజీ సన్నటి ముక్క. మంగళవారం ఇంకొంచెం వెడల్పు. శుక్రవారం దాకా అలా మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ప్రతి పండులోనూ పిల్లల వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం. పురుగు ఇటు దూరి అటు తేలుతుంది, వేలు కూడా. ఆకలి తీరలేదన్న మాట ప్రతిరోజూ తిరిగొస్తుంటే, పేజీ తిప్పాలన్న ఆకలి పిల్లలకీ పుడుతుంది. కథ అక్షరాల్లో సగమే ఉంది, మిగతా సగం కాగితాన్ని కోసిన తీరులో ఉంది. ప్రింటౌట్‌లో ముందుగా పోయేది అదే. ఏ-ఫోర్ కాగితానికి చిల్లు ఉండదు.

అసలు ఈ పుస్తకం పుట్టిందే చిల్లులోంచి. కార్ల్ ఒకరోజు కాగితాల దొంతరకి పంచింగ్ మెషిన్‌తో రంధ్రాలు చేస్తూ, వాటిని చూసి పుస్తకాల పురుగుని తలుచుకున్నాడు. మొదటి చిత్తుప్రతిలో ఉన్నది విల్లీ అనే పురుగు. దాన్ని పిల్లలు ఇష్టపడరేమోనని, గొంగళిపురుగైతే ఎలా ఉంటుందని సూచించింది ఎడిటర్ ఆన్ బెనెడూస్. సీతాకోకచిలుక అప్పుడు వచ్చింది. అన్ని సైజుల పేజీలు, అన్ని రంధ్రాలు గిట్టుబాటు ధరకి చెయ్యగల ప్రెస్సు అమెరికాలో దొరక్కపోతే ఆవిడే జపాన్‌లో పట్టుకుంది. అంటే జీవచక్రం గురించి పాఠం చెబుదామని మొదలైన పుస్తకం కాదిది. చేతిలో ఉన్న పనిముట్టుతో ఆడుకుంటుంటే వచ్చింది. ఇంట్లో పిల్లలతో చేయించాల్సింది ఏదైనా ఉంటే, ఆ మొదలు దగ్గరే ఉంది.

రంగుల సంగతి కూడా ఇలాంటిదే. నా ప్రింటౌట్లలో ఒకటి నంబర్ల ప్రకారం రంగు వేసేది. ఒకటికి పచ్చ, రెండుకి ఎరుపు. మా అమ్మాయి పురుగంతా నీలం వేసేసింది. దాన్ని తను వెళ్ళే వారాంతపు క్లాసుకి పట్టుకెళితే, పక్కన ఒక చిన్న పచ్చచుక్క పెట్టి పంపారు, అసలు రంగు ఇదమ్మా అని. వాళ్ళని అనడానికేమీ లేదు, నంబర్ల కాగితం ఇచ్చిందే నేను.

కార్ల్ 1929లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు తల్లికి సొంత ఊరి మీద బెంగ పుట్టడంతో కుటుంబం జర్మనీకి, స్టుట్‌గార్ట్‌కి తిరిగి వెళ్ళిపోయింది. ఎప్పుడు వెళ్ళిందో చూడండి, 1935. తండ్రి సైన్యంలోకి పోయి రష్యన్లకి ఖైదీగా చిక్కాడు. కుర్రాడితో పదిహేనేళ్ళకే సరిహద్దులో కందకాలు తవ్వించారు. ఆ బళ్ళో డ్రాయింగ్ మాస్టారు క్రౌస్ ఈ పిల్లవాణ్ణి ఇంటికి పిలిచి, నాజీలు ‘భ్రష్ట కళ’ అని నిషేధించిన చిత్రకారుల బొమ్మలు రహస్యంగా చూపించాడు. నీలం గుర్రాలు గీసిన ఫ్రాంజ్ మార్క్ వాటిలో ఉన్నాడు. ఆ రుణం తీర్చుకోడానికే అన్నట్టు 2011లో కార్ల్ నీలం గుర్రం గీసిన చిత్రకారుడి గురించి ఒక పుస్తకం చేశాడు. అందులో జంతువులన్నీ ‘తప్పు’ రంగుల్లో ఉంటాయి. అలాంటి మనిషి పురుగుకి నేను నంబర్ల ప్రకారం పచ్చరంగు వేయించాను.

యుద్ధంలో పెరిగిన మనిషన్నది గుర్తుపెట్టుకుని చూస్తే శనివారం పేజీ ఇంకోలా కనిపిస్తుంది. ఇది నా ఊహే. వరసగా పేర్చిన ఆ పది తినుబండారాలు ఆరోగ్యం గురించి హెచ్చరికలా లేవు. తిండికి కటకటగా ఉన్న రోజుల్లో పిల్లవాడు కళ్ళు మూసుకుని కనే కలలా ఉన్నాయి. దాన్ని ‘మంచి తిండి, చెడ్డ తిండి’ అని రెండు డబ్బాల్లోకి విడగొట్టమనడం నాకిప్పుడు కాస్త మొరటుగానే అనిపిస్తోంది.

స్ప్రెడ్‌షీట్ పక్కన పెట్టాక చేసింది ఒకటే పని. కార్ల్ చేసినట్టు చెయ్యడం. ఆయన బొమ్మ గీసి రంగు నింపేవాడు కాదు. ముందు పల్చటి తెల్ల టిష్యూ కాగితాల మీద ఏక్రిలిక్ రంగులు పూసేవాడు, కుంచెతో, స్పాంజీతో, తివాచీ ముక్కతో, వేళ్ళతో. మొదట్లో బజారులో దొరికే రంగు కాగితాలే వాడేవాడు, అవి వెలిసిపోతున్నాయని సొంతంగా పూసుకోవడం మొదలెట్టాడు. ఆరినవాటిని రంగుల వారీగా సొరుగుల్లో దాచుకునేవాడు. బొమ్మ కావాల్సినప్పుడు అందులోంచి తీసి కోసి అతికించేవాడు. ఇందులో నాకు బాగా నచ్చింది, రంగు పూసేటప్పుడు అది ఏమవుతుందో తెలియకపోవడం. ఆ పచ్చ ఆకు కావచ్చు, పురుగు వీపు కావచ్చు, ఏదీ కాకపోవచ్చు.

మా వల్ల అంత అందంగా ఏమీ రాలేదు. గిఫ్టు సంచుల్లో పెట్టే కాగితం తడికి చిరిగిపోయింది. టేబుల్ మీద ఊదారంగు ఇంకా పోలేదు. ఇంట్లో నాకు మాట పడింది. కానీ రెండు వారాల్లో ఒక చెప్పుల డబ్బా నిండా కాగితాలు పోగయ్యాయి. ఏం చేద్దామని నేను అడగలేదు, అతి కష్టం మీద. మూడో వారం తనే పంచింగ్ మెషిన్ తెమ్మంది.

శనివారం పేజీకి తన జాబితా తనే చెప్పింది: ఆవకాయ, మ్యాక్ అండ్ చీజ్, వాళ్ళ అవ్వ చేసే ఓళిగలు, ఐసు ముక్క, ఒక క్రేయాన్. క్రేయాన్ ఎందుకు తింటుందని అడిగితే “ఆకలి కదా” అంది.

అవ్వంటే మా అమ్మ. హిందూపురం దగ్గర పల్లెలో ఉంటుంది. మా ఇంట్లో నా చిన్నప్పుడు పట్టుపురుగులు మేపేవాళ్ళు. వీడియో కాల్‌లో మనవరాలు పుస్తకం చూపించి, పురుగుకి కడుపునొప్పి వచ్చి తినడం మానేసిందని చెబితే అమ్మకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. “జొరానికి కూచుండాది పాపా. దాన్ని కదిలిచ్చగూడదు.”

నేను మర్చిపోయిన మాట అది. పట్టుపురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. రెండో జ్వరం, మూడో జ్వరం అని లెక్క. ఆ పూట మల్బరీ ఆకు వెయ్యరు. లేచాక మళ్ళీ రాత్రంతా వాన పడుతున్నట్టు ఆకు కొరికే చప్పుడు. నలభై పేజీల ప్రింటౌట్లు కడుపునొప్పిని అతిగా తిన్నందుకు శిక్షగా చూశాయి. మా అమ్మ దాన్ని పెద్దవ్వబోయే ముందు వచ్చే ఆగుదలగా చూసింది. పుస్తకంలో ఆ తర్వాతి పేజీ తిప్పితే పురుగు నిజంగానే రెండు పేజీల మీద పరుచుకుని, లావుగా, పెద్దగా ఉంటుంది. కార్ల్ ఉద్దేశం అదేనని అనను. కానీ పుస్తకానికి ఈ చదువు కూడా సరిపోతుంది.

గూడు దగ్గర చిక్కు వచ్చింది. సీతాకోకచిలుక పురుగు గూడు అల్లదని, ప్యూపాగా మారి వేలాడుతుందని, గూడు అల్లేవి చాలావరకు చిమ్మటలని ఈ పుస్తకం మీద ఎప్పట్నుంచో ఒక ఫిర్యాదు ఉంది. నాకది పెద్ద తప్పనిపించదు. మా ఇంట్లో వచ్చిన చిక్కు వేరు. “అవ్వా, మీ పురుగులు ఎన్ని బటర్‌ఫ్లైలయ్యాయి?” అని అడిగింది పిల్ల. అమ్మ నా వైపు చూసింది. చంద్రికల మీంచి తీసిన గూళ్ళు హిందూపురం మార్కెట్‌కి పోతాయి. లోపలి పురుగు బయటికొస్తే దారం తెగిపోతుంది కాబట్టి అంతకు ముందే వేడికి పెడతారు. చివరికి అమ్మ అబద్ధం చెప్పలేదు. “కొన్నిట్ని గుడ్లకి ఇడిసిపెడతారు పాపా. తక్కినవి చీరలైతాయి.” అవతల నిశ్శబ్దం. తర్వాత, “మీరు కట్టుకున్నదా?” అమ్మ తలూపింది.

ఏ వర్క్‌షీట్‌లోనూ ఈ ప్రశ్నకి గడి లేదు. జీవచక్రం గుండ్రంగా తిరిగి గుడ్డు దగ్గరికి వచ్చేస్తుంది, ఎక్కడా చీర తగలదు. పిల్లలకి ఇది చెప్పొచ్చా అని మా ఆవిడా నేనూ ఆ రాత్రి వాదించుకున్నాం, తేలలేదు. కార్ల్ ఈ పుస్తకాన్ని ఆశ గురించిన పుస్తకమనేవాడు: చిన్నవాళ్ళూ పెద్దవుతారు, రెక్కలు విప్పుకుంటారు అని. నేనూ ఆ ఆశనే కొన్నాను. అమ్మ చెప్పింది దాని పక్కన ఎక్కడ పెట్టాలో నాకింకా తెలియదు.

మా అమ్మాయి పుస్తకంలో చివరి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. గూడు మాత్రం ఊదా కాగితంతో అతికించింది, చాలా బంకతో. పోయిన ఆదివారం నా పాత బుద్ధి ఊరుకోక, ఇది ఎప్పటికి పూర్తవుతుందమ్మా అని అడిగాను.

“జొరంలో ఉంది నాన్నా,” అంది, “కదిలించకు.”