పాత బియ్యము, కొత్త మిల్లు

తెనాలిలో ఒక అచ్చుకూటమున నేను ఇంగ్లీషు ప్రూఫులు దిద్దుచున్న దినములలో, రేపల్లె వైపునుండి వచ్చిన ఒక మిల్లు యజమాని తన ఉత్తరముల కాగితముపై ‘ఓల్డ్ రైస్ మిల్’ అని పెద్ద అక్షరములలో వేయుమని కోరగా, కంపోజిటరు మూడు మాటలను మూడుగానే పేర్చినాడు. నేనును స్పెల్లింగు సరిచూచి సంతకము చేసితిని. నెల తిరుగకమునుపే ఆయన ఆ కాగితము చేతబట్టుకొని వచ్చి, “పంతులుగారూ, నా మిల్లు కట్టి రెండేళ్లు కాలేదు, మద్రాసు షావుకారు పాత మిషన్లా అని అడుగుతున్నాడండీ” అన్నాడు. ఆయన అమ్మునది ఏడాది మాగిన పాత బియ్యము. దానికే ఆయనకు పేరు. ‘ఓల్డ్’కును ‘రైస్’కును నడుమ ఒక్క చిన్నగీత లేకపోవుటచే పాతదనము బియ్యమును వదలి మిల్లును పట్టుకొన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమందలి సమాస పరిచ్ఛేదమును బాల్యముననే చదివి, ఏ పదము ఏ పదముతో ముందుగా అన్వయించునో విగ్రహవాక్యము చెప్పి గురువులచేత మెప్పుపొందిన నేను, అదే ప్రశ్న ఇంగ్లీషు దుస్తులలో ఎదుటికి వచ్చినపుడు గుర్తింపలేకపోతినే యని బాధపడితిని. పాతదైన బియ్యమునకు మిల్లా, పాతదైన బియ్యపుమిల్లా? బడిలో గురువు నోట అడుగు ఈ ప్రశ్నకు అచ్చులో హైఫను సమాధానము చెప్పుచున్నది. ప్రాచీన గ్రీకులు మన తాళపత్ర లేఖకులవలెనే మాటల నడుమ ఎడము విడువక వ్రాసెడివారు. చదువరి తప్పుచోట విరువకుండుటకై, ఒకే పదమునకు చెందిన అక్షరముల క్రింద విల్లువంటి చిన్నగీత గీసెడివారు. హైఫనను పేరునకు మూలమైన గ్రీకు మాటకు ‘ఒకదాని క్రింద’, అనగా ‘ఒక్కటిగా’ అని అర్థము.

బాపట్ల పరిశోధనక్షేత్రమునుండి 1986లో రైతులకు అందిన బి.పి.టి. 5204ను, అనగా మన ఇండ్లలో నిత్యము ఉడుకు సాంబమసూరిని గూర్చి ఇంగ్లీషున వ్రాయువాడు ‘ఎ వెల్-నోన్ వెరైటీ’ అని నామమునకు ముందు గీత వేయవలెను. ‘ది వెరైటీ ఈజ్ వెల్ నోన్’ అని వాక్యము చివర వచ్చినపుడు, అంటుకొనుటకు వెనుక మరియొక నామము లేదు గనుక, గీతతో పని లేదు. ‘వైడ్‌లీ గ్రోన్ వెరైటీ’ అన్నచో నామమునకు ముందున్నను గీత అక్కరలేదు; తాను తరువాతి మాటకే చెందుదునని ‘లీ’ అను ప్రత్యయమే చెప్పుచున్నది. ఈ కారణము తెలిసినవానికి నియమములను వల్లెవేయు శ్రమ తప్పును.

ఇక ‘ట్వంటీ ఫైవ్ కిలో బ్యాగ్స్’ అని ఆర్డరు వచ్చినచో కొట్టువాడు ఏమి పంపవలెను? ట్వంటీకిని ఫైవుకును నడుమ మాత్రమే గీత యున్నచో కిలో సంచులు ఇరువదియైదు. ఫైవుకును కిలోకును నడుమ మాత్రమే యున్నచో ఐదుకిలోల సంచులు ఇరువది. రెండుచోట్లను ఉన్నచో పాతికకిలోల సంచులు, ఎన్ని కావలెనో మరల అడుగవలసినదే. ఇరువదియైదు కిలోలకును నూరు కిలోలకును గల భేదమంతయు ఆ గీత నిలిచిన చోటున ఉన్నది. దీనిని అల్పమని తీసివేయువారితో నేను ఏకీభవింపలేను.

డాషు సంగతి వేరు. 1916లో తెరచిన తెనాలి–రేపల్లె రైలుమార్గము పేరు వ్రాయునపుడు నడుమ నుండవలసినది హైఫను కాదు, దానికంటె కొంచెము పొడుగైన ఎన్ డాషు. వేమూరు, భట్టిప్రోలు దాటి ఈ కొసనుండి ఆ కొసకు పోవు దూరమును అది చూపును. టైపు కేసులో వీని అరలు వేరైనను, తొందరలో కంపోజిటరు చేతికి ఏది తగిలిన అది పడెడిది.

మరునాడు ఉదయమే నేను అచ్చుకూటమునకు పోయి, ఆ ఫారము విప్పించి, రెండు మాటల నడుమనున్న స్పేసును పట్టకారుతో తీయించి, అక్కడ గోటిగాటంత గీతగల సీసపుముక్కను దగ్గర నిలిచి పెట్టించితిని. కాగితము ఖర్చు నేనే పెట్టుకొంటిని. మరుసటి సంవత్సరము ఆయన మరల వచ్చినపుడు, రంగును గాని అక్షరముల పరిమాణమును గాని అడుగలేదు, తడియారని ప్రూఫును వెలుతురునకు ఎత్తిపట్టి, “పంతులుగారూ, మన చిన్నగీత పడిందా?” అని అడిగి, వ్రేలు పెట్టి చూచుకొన్నాడు.