సెలైను సూది: రోగి క్షేమము, నర్సు క్షేమము

మందమర్రి గని కార్మిక కుటుంబాలకు రామకృష్ణాపూర్‌లోని సింగరేణి ఏరియా ఆసుపత్రి సుపరిచితము. అక్కడనే కాదు, ఏ ఆసుపత్రిలో చేరినను రోగికి తొలుత జరుగు పనులలో ఒకటి చేతికి సెలైను సూది పెట్టుట. మనము ‘నరము’ అని వ్యవహరించునది నిజానికి సిర. అందులో నిలిచియుండునది సూది కాదు, మెత్తని ప్లాస్టిక్ గొట్టము. దీనినే కాన్యులా అందురు. లోపలి ఉక్కుసూది దారిచూపి, వెలుపలికి వచ్చివేయును.

ఈ చిన్న గొట్టమును గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మే నెలలో ఒక మార్గదర్శక గ్రంథమును వెలువరించినది. ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 70 మంది వరకు దీని అవసరము కలుగునని ఆ సంస్థ అంచనా. గ్రంథములో 14 సదాచరణ సూత్రములు, 23 సిఫారసులు కలవు. చేతుల శుభ్రత, గొట్టము పెట్టుట, కాపాడుట, తీయుట అను దశలను విడదీసి చూపుట దీని గొప్పతనము. చర్మముపైని సూక్ష్మజీవులు గొట్టము వెంట రక్తములో చేరగలవు. కనుక పెట్టిన పిమ్మట కూడ కనిపెట్టి యుండవలెనని ఇది బోధించుచున్నది.

అయితే శీర్షికను బట్టియే దీని లక్ష్యము రక్తమునకు సూక్ష్మజీవులు సోకకుండ చూచుట. మరి వెలుపలికి వచ్చిన సూది మాటేమి? అది బోలుసూది, అందులో రోగి రక్తము మిగిలియుండును. అది నర్సు వేలికి గ్రుచ్చుకొన్నచో, రోగికి హెచ్.ఐ.వి. ఉన్నయెడల వెయ్యింటికి సుమారు 3 వంతులు సోకు అవకాశము కలదు. రోగికి హెపటైటిస్ బి ఉండి, నర్సు టీకా పొందనిచో, అది నూటికి 6 నుండి 30 వంతుల వరకు ఉండును. సురక్షిత సిరంజిలను గురించి ఇదే సంస్థ 2015లో మరొక గ్రంథము ప్రకటించినది. కాని దాని శీర్షిక కండరమునకు, చర్మమునకు, చర్మము క్రిందికి ఇచ్చు ఇంజెక్షన్లకే పరిమితము. సిర అందులో చేరలేదు. ఆ విధముగా రెండు గ్రంథముల నడుమ నర్సు వేలు మిగిలిపోయినది.

“జాగ్రత్తగా ఉన్న చాలును గదా” అని కొందరందురు. గనుల చరిత్ర ఈ మాటను ఒప్పదు. 1815లో డేవీ తన దీపపు జ్వాలచుట్టు లోహపు వల అమర్చెను. వల వేడిని లాగికొనుటచే మంట వెలుపలి వాయువునకు అంటదు. అనగా జాగ్రత్త పరికరములోనే ఇమిడినది. సూదిని లాగగనే మొనను తానే కప్పివేయు తొడుగుగల కాన్యులాలు కూడ నేడున్నవి. వాడిన సూదులను గ్రుచ్చుకొనని తెల్లని డబ్బాలో వేయవలెనని మన దేశపు 2016 నిబంధనలు చెప్పుచున్నవి. అయితే సూది డబ్బాను చేరులోగానే ప్రమాదము జరుగవచ్చును.

తరగతిలో ఈ విషయము బోధించు ఉపాధ్యాయులు గొట్టముతోపాటు సూదిని గూర్చియు చెప్పవలెను. రోగి చేయి, నర్సు వేలు ఒకే పనిలో కలిసియున్నవి. వాటి రక్షణ కూడ ఒకే గ్రంథములో ఉండవలెను.