సైనస్: అవయవమా, వ్యాధా? – తెలుగు ఆరోగ్యవ్యాసాల పరిభాషపై విమర్శ

కీలకపదాలు: సైనస్, పీనసం, పడిశం, కోటరం, వైద్యపరిభాష, బ్లాక్ ఫంగస్.

తెలుగు ఆరోగ్యవ్యాసాలలో ‘సైనస్ లక్షణాలు’, ‘సైనస్ నివారణ’ వంటి శీర్షికలు పరిపాటి అయ్యాయి. నిజానికి సైనస్ వ్యాధి కాదు. ముఖపు ఎముకలలో గాలితో నిండిన గది అది. దాని లోపలి పొర వాచినప్పుడు కలిగే వ్యాధి సైనసైటిస్. ‘షుగర్ వచ్చింది’, ‘బీపీ ఉంది’ అన్నట్లే ‘సైనస్ ఉంది’ అనడమూ లాక్షణిక ప్రయోగంగా స్థిరపడింది. జనవ్యవహారంలో దీనిని తప్పుపట్టనవసరం లేదు. రోగనిర్ధారణను వివరించవలసిన వ్యాసం సైతం ఆ పదాన్ని అదే అర్థంలో స్వీకరించడమే విమర్శించదగిన అంశం. నామవాచకం క్రియను కూడా నిర్ణయిస్తుంది. ‘సైనస్ ఉంది’ అనుకున్న పాఠకుడు అది ‘పోవాలి’ అని కోరుకుంటాడు. ‘సైనస్ దారి మూసుకుపోయింది’ అని చదివినవాడు అది ‘తెరుచుకోవాలి’ అని కోరుకుంటాడు.

పూర్వపరిభాష ఇంతకంటె సూక్ష్మమైనది. తెలుగువారి ‘పడిశం’ సంస్కృత ‘ప్రతిశ్యాయ’ శబ్దభవం. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం నాసారోగాలను 31గా లెక్కించి, ప్రతిశ్యాయాన్ని ఐదు విధాలుగా విభజించింది. చికిత్స చేయని ప్రతిశ్యాయం కాలక్రమంలో దుష్టపీనసంగా మారుతుందని చెప్పింది. వ్యాధి ముదిరే క్రమం ఇక్కడ పేరులోనే తెలుస్తుంది. అయితే నేటి కొందరు వ్యాసకర్తలు చేస్తున్నట్లు పీనసాన్ని సైనసైటిస్‌కు సమానార్థకంగా తీసుకోవడం తొందరపాటు. పీనసం ముక్కులో కనిపించే వికారాన్ని చెబుతుంది; సైనసైటిస్ ఎముక లోపలి చోటును చెబుతుంది. ఆ చోటుకు తెలుగులో పేరు లేకపోలేదు. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో బొద్దింక దేహంలోని సైనస్‌లను ‘కోటరాలు’ అంటారు. చెట్టుతొర్రను సూచించే ఆ చక్కని పదం బొద్దింక దగ్గరే ఆగిపోయి, మనిషి ముఖం దాకా రాలేదు.

చెక్కిలి వెనుక పైదవడ ఎముకలో ఉండే కోటరం వీటిలో పెద్దది. పెద్దలలో దాని పరిమాణం సుమారు 15 మిల్లీలీటర్లు. దాని అడుగుభాగం పై దంతాల వేళ్లకు ఆనుకొని ఉంటుంది. ముక్కులోకి తెరుచుకొనే రంధ్రం మాత్రం పైభాగాన ఉంటుంది. 1651లో నథానియల్ హైమోర్ తన శరీరనిర్మాణ గ్రంథంలో ఈ కోటరాన్ని వర్ణిస్తూ, పన్ను తీయించుకున్న ఒక స్త్రీ ఆ గుంతలోకి దూర్చిన సన్నని సాధనం ఎంతకూ ఆగకపోవడంతో బెదిరిపోయిన సంగతిని ప్రస్తావించాడు. దంతానికీ కోటరానికీ గల ఈ సామీప్యం నిర్ధారణలో కీలకం. ఒకవైపు ముక్కునుండి మాత్రమే దుర్గంధంతో చీము వస్తుంటే దంతమూలాన్ని పరీక్షించాలి. ఆరోగ్యవ్యాసాలు ఆవిరి పట్టడాన్ని వర్ణించినంత విపులంగా పంటిని గురించి చెప్పడం అరుదు.

చికిత్సాచరిత్రలోనూ ఇటువంటి తడబాటే కనిపిస్తుంది. 1893లో న్యూయార్క్‌లో కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో లూక్ ప్రతిపాదించిన శస్త్రచికిత్సలో పైపెదవి లోపలినుండి ఎముకను తొలిచి, వ్యాధిగ్రస్తమైన పొరను తొలగించి, ముక్కులోకి కింది భాగాన కొత్త దారి ఏర్పరిచేవారు. నీరు పల్లానికి పారుతుందన్న తర్కం అది. కాని కోటరంలోని శ్లేష్మం పల్లానికి పారదు. శైలికలనే అతిసూక్ష్మ రోమాలు దానిని పైనున్న సహజరంధ్రం వైపే నెడతాయని ఆస్ట్రియా వైద్యుడు మెసర్‌క్లింగర్ పరిశీలనలు నిరూపించాయి. 1985లో కెనడీ ప్రచారంలోకి తెచ్చిన ‘ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ’ అన్న పేరులో మొదటి మాటే ప్రాణం. అవయవాన్ని తీసివేయడం కాక, దాని పనిని దానికి తిరిగి ఇవ్వడం లక్ష్యం. తెలుగులో అది ‘సైనస్ ఆపరేషన్’ కాగానే ఆ మాట జారిపోయింది; ‘పోవాలి’ అన్న క్రియ మళ్లీ వచ్చి చేరింది.

కాలపరిమితి విషయంలోనూ ఇదే అస్పష్టత. జలుబుతో వచ్చే వాపు అధికభాగం వైరస్ వల్లనే కలిగి, పదిరోజులలో తగ్గుముఖం పడుతుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. పదిరోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్లే తగ్గి తిరగబెట్టినా బాక్టీరియాను అనుమానించాలి. 12 వారాలు దాటితే దీర్ఘవ్యాధిగా భావించి, ఎండోస్కోపీతోగాని సీటీ స్కాన్‌తోగాని నిర్ధారించుకోవాలి. కేవలం తలనొప్పి తరచుగా మైగ్రేన్ కావచ్చు. ఈ నాలుగు స్థితులనూ ‘సైనస్’ అనే ఒక్కమాట మింగేస్తున్నది.

పేరు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భం 2021. కోవిడ్ రెండవ తరంగంలో మ్యూకర్‌మైకోసిస్ ప్రబలగా, ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించి, హైదరాబాదు కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని చికిత్సాకేంద్రంగా నిర్ణయించింది. పత్రికలు దానిని ‘బ్లాక్ ఫంగస్’ అన్నాయి. నలుపు ఆ శిలీంధ్రానిది కాదు. రక్తనాళాలు మూసుకుపోయి చచ్చిన కణజాలానిది. ఆ పేరు చదివినవారు నలుపుకోసం చూస్తారు. అంతకుముందే చెంప తిమ్మిరెక్కడం, ముఖం ఒకవైపే వాయడం, పైదంతాలు కదలడం, వస్తువులు రెండుగా కనిపించడం జరగవచ్చు. ‘ఇది మామూలు సైనసే’ అని పాఠకుడు సర్దిచెప్పుకోగలిగిన లక్షణాలు అందులో మొదటి రెండూ.