గొంతులో వచ్చే రేపటి కథ

తమిళనాడులోని గుడియాత్తంలో మగ్గం ముందు కూర్చున్న మనిషి చేతులకు తీరిక ఉండదు, చెవులకు ఉంటుంది. వేలూరు, నెమిలి వైపు తెలుగిళ్లలో చాలామందికి మాట వచ్చు, అక్షరం రాదు. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక ఆ దూరం ఇంకా పెరిగింది. అలాంటివాళ్ల దగ్గరికి తెలుగు కథ నడిచొచ్చే దారి గొంతే. అందుకే కథను చదివి, రికార్డు చేసి, నెట్‌లో నలుగురికీ పంచేవాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

శ్రీశ్రీ సొంత గొంతులో మహాప్రస్థానాన్ని 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి క్యాసెట్టుగా తెచ్చారు. ఇప్పుడు ఈమాట పత్రిక పాత రికార్డింగులను వెతికి వినిపిస్తోంది. హర్షణీయం పాడ్‌కాస్టులో కొత్త కథలు వినొచ్చు.

సైన్స్ ఫిక్షన్ చదివి వినిపించడం మరీ కష్టం. అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’ లాంటి కాలప్రయాణం కథ అచ్చులో ఉంటే, తికమకపడ్డ పాఠకుడు పేజీ వెనక్కి తిప్పుకుంటాడు. వినేవాడికి ఆ వెసులుబాటు తక్కువ. కాలం మారిందని ఒక చిన్న విరామంతోనే చెప్పాలి. అది ఎక్కడ పడాలో రాసినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రికార్డు చేసేవాళ్లు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ చదువుతారు. పక్కింట్లో కుక్కర్ కూసిందా, ఆ పేరా మళ్లీ మొదటినుంచి.

రచయితలారా, మీ కథను మీరే చదివి పెట్టండి. మా వైపు వినేవాళ్లున్నారు.