వెలుగు, చీకటి ప్రతీకలు: ఈడిపస్ నాటకం, యోహాను సువార్త

వెలుగు జ్ఞానానికి ప్రతీక, చీకటి అజ్ఞానానికి ప్రతీక అని రాసి ముగించిన జవాబు పత్రాలు నేను వందల కొద్దీ దిద్దాను. ఆ వాక్యం తప్పని చెప్పలేం. అయితే ఉపనిషత్తు ప్రార్థనకూ, దీపావళికీ, గ్రీకు నాటకానికీ, క్రైస్తవ గ్రంథానికీ అదే ఒక్క సమీకరణం సరిపోతే వాటిని వేరువేరుగా చదవవలసిన పని ఉండదు. ఒక ప్రతీక అర్థం తెలియాలంటే ఆ రచనలో అది ఏం చేస్తున్నదో చూడాలి. ఇందుకోసం ఈ భాగంలో ముఖ్యంగా రెండు రచనలను పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాం. ఒకటి సోఫోక్లిస్ రచించిన ‘ఈడిపస్ రాజు’, రెండోది యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. ఏథెన్స్‌లో నాటకాలను పగటిపూట ఆరుబయట ఆడేవారు. ఎండలో కూర్చున్న ప్రేక్షకులకు రాత్రిని మాటలతోనే చూపించాలి. క్రీ.పూ. 458లో ప్రదర్శించిన ఎస్కిలస్ ‘ఓరెస్టియా’ నాటకత్రయం ఒక కావలివాడి మాటలతో మొదలవుతుంది. అతడు ఆర్గోస్ రాజభవనం కప్పు మీద ఏడాదిగా ఒక మంట కోసం ఎదురు చూస్తున్నాడు. ట్రాయ్ నగరం పడిపోయిందన్న కబురును ఐడా కొండ నుంచి లెమ్నోస్ దీవి, ఆథోస్ శిఖరం మీదుగా కొండ తరవాత కొండ అందుకుంటూ వస్తుంది. మంట కనబడగానే అతడు సంబరపడతాడు. కాని ఆ వెలుగు వెంట ఇంటికి వచ్చే రాజు భార్య చేతిలో హతుడవుతాడు. మూడో నాటకం చివర, రాత్రికి పుట్టిన ప్రతీకార దేవతలను కాగడాలు పట్టుకుని భూమి అడుగున ఉన్న కొత్త నివాసానికి సాగనంపుతారు. ఎస్కిలస్ చీకటిని తరిమివేయలేదు, దానికి నగరంలోనే చోటు చూపించాడు.

గ్రీకులో ‘వెలుగును చూస్తున్నాడు’ అంటే బతికి ఉన్నాడని అర్థం. మనం ‘కన్నుమూశాడు’ అనడానికి ఇది సరిగ్గా ఎదురు. ‘నాకు తెలుసు’ అనే గ్రీకు క్రియ కూడా చూడడం అనే ధాతువు నుంచే పుట్టింది. సంస్కృతంలోని ‘విద్’ దానికి చుట్టం. తెలుగులో ‘కనుక్కోవడం’ అన్నా అందులో చూపు ఉంది. ఈ భాషా నేపథ్యం తెలిస్తే సోఫోక్లిస్ చేసిన పని ఎంత కఠినమైనదో అర్థమవుతుంది.

థీబ్స్ నగరాన్ని తెగులు పీడిస్తోంది. పూర్వపు రాజు లాయస్‌ను చంపినవాణ్ణి శిక్షిస్తే తప్ప అది తొలగదని డెల్ఫీ దైవవాణి చెబుతుంది. ఈ సంగతిని మొదటి నుంచి తవ్వి వెలుగులోకి తెస్తానని ఈడిపస్ మాట ఇస్తాడు. ఆ మాటే నాటకానికి ఇరుసు. చూపులేని వృద్ధ ప్రవక్త టైరీసియస్ నిజం చెబితే ఈడిపస్ ఆయన అంధత్వాన్ని ఎగతాళి చేస్తాడు. కళ్లుండీ నీ స్థితి ఏమిటో, ఎవరితో కాపురం చేస్తున్నావో నీకు కనబడడం లేదని ప్రవక్త బదులిస్తాడు. చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోయి, ఈడిపస్ అహంకారి, అందుకే శిక్ష పడింది అని తేల్చేస్తారు. నేను దీనికి ఒప్పుకోను. తరవాత జరిగేది చూడండి. విచారణ ఆపమని జొకాస్టా బతిమాలుతుంది. ముసలి కాపరి నోరు విప్పడానికి వణికిపోతాడు. వినబోయేది ఎంత భయంకరమో ఈడిపస్‌కు అప్పటికే తెలిసిపోతోంది. అయినా వినితీరాలంటాడు. అంతా తేలాక వెలుగును ఉద్దేశించి, నిన్ను చూడడం ఇదే ఆఖరు కావాలని కోరుకుని లోపలికి వెళతాడు. ఉరి వేసుకున్న జొకాస్టా దుస్తుల నుంచి బంగారు సూదులు తీసి తన కళ్లు పొడుచుకుంటాడు.

ఇక్కడ వెలుగు పూర్తిగానే వచ్చింది. వచ్చినదాన్ని మనిషి భరించలేకపోయాడు. నాటకం చివర ఈడిపస్ చుట్టూ ఉన్న చీకటి అన్నీ తెలిసినవాడు కోరి తెచ్చుకున్నది. దాన్ని అజ్ఞానం అనడానికి వీల్లేదు. ఈ బాధలు తెచ్చినవాడు అపొలో అనీ, పొడిచిన చెయ్యి మాత్రం తనదేననీ అతడే చెబుతాడు. అపొలోకు ఫీబస్ అని ఇంకో పేరు ఉంది. ఆ మాటకు ప్రకాశించేవాడని అర్థం.

యోహాను సువార్త కూడా గ్రీకులోనే రాసినది. అది మొదటి శతాబ్దం చివరి కాలానిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. భాష ఒకటే కనుక సోఫోక్లిస్ ప్రభావం ఉందని రాయకండి. యోహాను చెప్పే వెలుగు యూదుల గ్రంథాల నుంచి, ముఖ్యంగా ఆదికాండం నుంచి వచ్చింది. అక్కడ వెలుగు మొదటి రోజు కలుగుతుంది, సూర్యచంద్రులు నాలుగో రోజు గాని రారు. అంటే ఆ వెలుగు దేవుడి మాటకు చెందినది. యోహానులో అది మనిషి రూపంలో నడిచి వస్తుంది. వెలుగును తవ్వి తీయవలసిన అవసరం ఇక లేదు. ఎదురుగా నిలిచినదాన్ని స్వీకరించాలి, లేదా మొహం తిప్పుకోవాలి. రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చే నీకొదేమును, రొట్టెముక్క అందుకుని రాత్రిలోకి వెళ్లిపోయే యూదాను ఈ దృష్టితో చదవండి. వెలుగైనవాణ్ణి పట్టుకోవడానికి వచ్చినవాళ్ల చేతుల్లో దీపాలూ దివిటీలూ ఉన్నాయని చెప్పినది నలుగురు సువార్తికుల్లో యోహాను ఒక్కడే.

మొదటి అధ్యాయంలో, వెలుగు విషయంలో చీకటి చేయలేకపోయిన పనికి వాడిన గ్రీకు క్రియకు రెండు అర్థాలున్నాయి: పట్టి లొంగదీసుకోవడం, అర్థం చేసుకోవడం. ఇంగ్లీషు అనువాదకులు ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. వాడుకలో ఉన్న పాత తెలుగు అనువాదం ‘గ్రహించు’ అన్న మాట వాడింది. సూర్యగ్రహణంలోని పట్టుకోవడమూ, పాఠం గ్రహించడంలోని తెలుసుకోవడమూ రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడాయి. అనువాదకులు తెలిసి చేశారో, భాషే చేసిపెట్టిందో గాని, చక్కగా కుదిరింది.

ఇక తొమ్మిదో అధ్యాయం. పుట్టుకతో చూపులేని ఒక బిచ్చగాణ్ణి చూసి శిష్యులు, ఇది ఇతడి పాపమా, తల్లిదండ్రుల పాపమా అని అడుగుతారు. థీబ్స్ రాజవంశం గురించి ఏ గ్రీకు ప్రేక్షకుడైనా అడగగల ప్రశ్న ఇది. యేసు ఆ రెండూ కాదంటాడు. ఈ పాఠాన్ని ఎవరిచేతనైనా చదివించుకుని వింటున్న చూపులేని విద్యార్థులు ఈ జవాబును ప్రత్యేకంగా గమనించాలని నా కోరిక. అంధత్వాన్ని అజ్ఞానానికి ప్రతీకగా వాడుకున్న ఈ అధ్యాయమే దాన్ని పాపఫలమనడానికి నిరాకరించింది.

యేసు బురద చేసి అతడి కళ్లకు పూస్తాడు. సిలోయము కోనేటిలో కడుక్కోగానే చూపు వస్తుంది. అద్భుతం ఏడు వచనాల్లో ముగిసిపోతుంది. మిగిలిన అధ్యాయంలో అధికభాగం విచారణ. పరిసయ్యులు అతణ్ణి ప్రశ్నిస్తారు. తల్లిదండ్రులను పిలిపిస్తే వాళ్లు భయపడి, వాణ్ణే అడగండి అంటారు. మళ్లీ అతణ్ణే పిలుస్తారు. ప్రశ్న వెంట ప్రశ్న వచ్చేకొద్దీ అతడి చూపు పెరుగుతుంది. తనను బాగుచేసినవాణ్ణి మొదట యేసు అనే మనిషి అంటాడు, తరవాత ప్రవక్త అంటాడు, చివరికి మోకరిల్లుతాడు. విచారించేవాళ్లు మాత్రం ముందే తెలుసన్న చోటే నిలబడి, సాక్షిని వెలివేస్తారు.

రెండు రచనల్లోనూ కళ్లున్నవాళ్లు విచారణ జరుపుతారు, చూపులేనివాడి నోట నిజం మొదలవుతుంది. తేడా విచారణ ఎక్కడ ఆగిందన్నదానిలో ఉంది. ఈడిపస్ దాన్ని తన మెడకు చుట్టుకునేదాకా సాగించాడు. పరిసయ్యులు తమ దాకా రాకుండా మధ్యలోనే ఆపేశారు. యోహాను ఖండించినది చూపు లేకపోవడాన్ని కాదు, మాకు కనబడుతోందన్న ధీమాను. ఆ కొలతతో చూస్తే ఈడిపస్ నిర్దోషిగా బయటపడతాడు. కాని యోహాను లోకంలో వెలుగుకు ఎదురు వెళ్లినవాడికి స్వస్థత దొరుకుతుంది, సోఫోక్లిస్ లోకంలో ఆ హామీ లేదు. నాకు ఈడిపస్ మీద గౌరవం ఇందుకే. (పరిసయ్యులను చూసి యూదులందరి మీద తీర్పు చెప్పకండి. యేసు, శిష్యులు, బాగుపడ్డ మనిషి అందరూ యూదులే.)

బైబిల్లో చీకటి అంతటా చెడ్డదనీ అనుకోకూడదు. నిర్గమకాండంలో మోషే దేవుడున్న గాఢాంధకారం దగ్గరికి వెళతాడు. అపొస్తలుల కార్యములలో సౌలు వెలుగు తగిలి మూడు రోజులు చూపు కోల్పోతాడు.

సోఫోక్లిస్ మరణానంతరం క్రీ.పూ. 401లో ప్రదర్శించిన ‘కొలోనస్‌లో ఈడిపస్’ చివర ఉరుములు మెరుపుల మధ్య పిలుపు వస్తుంది. అంతవరకు కూతుళ్ల చెయ్యి పట్టుకుని నడిచిన ముసలివాడు ఎవరి సాయమూ లేకుండా ముందు నడిచి, కళ్లున్నవాళ్లకు దారి చూపిస్తాడు. తన కళ్లకు కనబడని వెలుగుకు మరోసారి వీడ్కోలు చెబుతాడు. తరవాత ఏమైందో చూసినవాడు ఏథెన్స్ రాజు థీసియస్ ఒక్కడే. దూత వెనక్కి తిరిగి చూసేసరికి ఈడిపస్ లేడు. థీసియస్ చూడలేనిదేదో చూసినట్టు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అతడు చూసినది వెలుగా, చీకటా అన్నది సోఫోక్లిస్ చెప్పలేదు. సౌలు కథను దీని పక్కన పెట్టి మీరే ఒక పుట రాయండి.