పటాలం వెంట నడిచినవారు: లష్కరు బోనాల కథనంలో సైనిక దినచర్య – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

యుద్ధకాలంలో పదాతి పటాలం గడిపిన రోజువారీ జీవితం ఆంగ్ల సాహిత్యంలో ఒక ప్రత్యేక రచనా విభాగంగా స్థిరపడింది. తెలుగులో యుద్ధసాహిత్య చర్చ ఎక్కువగా కవిత్వం చుట్టూ, ధరలు, కరవు వంటి పర్యవసానాల చుట్టూ సాగింది. పటాలం లోపలి జీవితం తెలుగులో నమోదు కాలేదన్న అభిప్రాయానికి ఇదే కారణం. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయ స్థాపన కథను పటాలం దినచర్యకు సంబంధించిన కథనంగా చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ కథను రడ్యార్డ్ కిప్లింగ్ ‘గంగా దీన్’ కవితతో పోల్చి, కథనదృష్టిలోని తేడాను నిరూపిస్తుంది.

కీలక పదాలు: పటాలం, లష్కరు, డోలీ, బోయీలు, బోనాలు, యుద్ధసాహిత్యం, మౌఖిక కథనం.

1. ఉపోద్ఘాతం

బెటాలియన్ అనే మాట తెలుగు నోట పటాలం అయింది. హిందుస్తానీలో పల్టన్ అయింది. సైన్యం విడిదిని తెలుగువారు దండు అన్నారు. పారశీక పదమైన లష్కరు సికింద్రాబాదుకు మారుపేరుగా నిలిచింది. బారెక్కుల నుంచి వచ్చిన బార్కస్ హైదరాబాదులో ఒక పేటకు పేరైంది. ఇన్ని మాటలను తనలో కలుపుకొన్న భాషాసమాజం ఆ మాటల వెనుక ఉన్న జీవితాన్ని పూర్తిగా విస్మరించిందని అనుకోవడం కష్టం. అది ఎక్కడ నమోదయిందన్నదే ప్రశ్న. అచ్చయిన కావ్యాలలో, నవలలలో మాత్రమే వెదికితే దొరికేది తక్కువ. వెదికే చోటు మారితే దొరికేదీ మారుతుంది.

2. పేరు మిగిలింది, గొంతు మిగలలేదు

తెలుగువారికీ ఈస్టిండియా కంపెనీ సైన్యానికీ ఉన్న సంబంధం చాలా పాతది. 1757లో ప్లాసీ యుద్ధానికి ముందు రాబర్ట్ క్లైవ్ మద్రాసు నుంచి సిపాయిలను బెంగాలుకు తీసుకువెళ్లాడు. ఆ తరువాత ఉత్తరాదిన కంపెనీ సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రచనలలో తిరుగుబాటు సిపాయిలను ‘తిలంగే’ అనే పేర్కొన్నారు. అప్పటికి ఆ సిపాయిలు అవధ్, బీహార్ ప్రాంతాలవారు. అంటే ఒక ప్రాంతం పేరు ఒక వృత్తికి పేరుగా మారి, చివరకు ఆ ప్రాంతపు మనుషులతో పనిలేకుండానే బతికింది.

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ ఉంది. 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఫ్రెడరిక్ రాబర్ట్స్ వంటి సేనానులు ‘యుద్ధజాతుల’ సిద్ధాంతాన్ని బలపరచిన తరువాత దక్షిణాది భర్తీ క్రమంగా కుంచించుకుపోయింది. 1922 పునర్వ్యవస్థీకరణలో ఏర్పడిన 19వ హైదరాబాద్ రెజిమెంటులో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ప్రధానంగా ఉండేవారు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మారింది. 1916 జూలై 14న సోమ్ యుద్ధరంగంలో హై వుడ్ వద్ద గుర్రాలపై దాడికి దిగిన దక్కన్ హార్స్ దళం సికింద్రాబాద్ బ్రిగేడుకు చెందినది. ఊరి పేరు ఫ్రాన్సు దాకా వెళ్లింది, ఊరి భాష వెళ్లలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో సెన్సారు అధికారులు అనువదించి భద్రపరచిన భారతీయ సైనికుల ఉత్తరాలలో ఉర్దూ, గురుముఖి, హిందీ, మరాఠీలదే ప్రాబల్యం.

పశ్చిమగోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం వంటి గ్రామాలు రెండు ప్రపంచయుద్ధాలకూ సైనికులను పంపాయి. ఆరుద్ర రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక దళంలో పనిచేశారు. కాబట్టి తెలుగువారు సైన్యంలో లేరన్నది నిజం కాదు. సైన్యంలోని తెలుగువాడి దినచర్యను ఒక సాహిత్యవస్తువుగా విమర్శ గుర్తించలేదన్నదే నిజం.

3. పటాలం దినచర్య: ఆంగ్ల నమూనా

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ పదాతి పటాలం దాదాపు వెయ్యి మంది మనుషుల సముదాయం. నాలుగు కంపెనీలు, ఒక్కో కంపెనీలో నాలుగు ప్లటూన్లు. యుద్ధరంగంలో ఉన్నంతకాలం ప్రతి పటాలం రోజువారీ నివేదిక రాయవలసి ఉండేది. ముందు వరుస, వెనుక వరుస, విశ్రాంతి అనే ఆవృత్తిలో రోజులు గడిచేవి. తెల్లవారుజామున, మునిమాపున అందరూ ఆయుధాలతో సిద్ధంగా నిలబడాలి. మిగిలిన సమయమంతా కందకాలు తవ్వడం, సామాను మోయడం, పేలు ఏరుకోవడం, పాదాలు తనిఖీ చేయించుకోవడం, టీ కోసం ఎదురుచూడడం. పోరాటం కంటే మోతే ఎక్కువ.

ఈ జీవితం నుంచి పుట్టిన రచనలు అనేకం. సిగ్‌ఫ్రీడ్ ససూన్, ఎడ్మండ్ బ్లండెన్, రాబర్ట్ గ్రేవ్స్ అధికారుల దృష్టితో రాశారు. ఫ్రెడరిక్ మానింగ్ 1929లో తన నవలను పేరు చెప్పకుండా ప్రచురించాడు. డేవిడ్ జోన్స్ 1937లో వెలువరించిన ‘ఇన్ పెరెంథిసిస్’ లండన్ వీధిభాషనూ వెల్ష్ పురాగాథలనూ కలిపి ఒక సామాన్య సైనికుడిని మామెట్జ్ అడవి దాకా నడిపిస్తుంది. బొగ్గుగనిలో పనిచేసి వచ్చిన ఫ్రాంక్ రిచర్డ్స్ 1933లో యుద్ధజ్ఞాపకాలనూ, 1936లో భారతదేశంలోని తన బారెక్కు జీవితాన్నీ పుస్తకాలుగా తెచ్చాడు. రెండవ పుస్తకంలో భారతీయ సేవకుల పట్ల తెల్ల సిపాయిల దురుసుతనం దాపరికం లేకుండా కనిపిస్తుంది.

ఈ రచనలన్నింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. యుద్ధాన్ని గెలుపోటములతో కాక తిండి, నిద్ర, జబ్బు, నడక, బరువు వంటి అంశాలతో కొలవడం. ఈ లక్షణాన్నే ప్రమాణంగా తీసుకుంటే తెలుగు నేలపై ఒక కథ ముందుకు వస్తుంది.

4. సురిటి అప్పయ్య కథనం

1806లో మూడవ నిజాం సికందర్ జా పేరుతో ఏర్పడిన సికింద్రాబాదు కంపెనీ పటాలాల దండు. అక్కడి మహంకాళి ఆలయ సంప్రదాయం చెప్పే కథ సుప్రసిద్ధమే. సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసే మనిషి. 1813లో అతని పటాలం ఉజ్జయినికి బదిలీ అయింది. కలరా ప్రబలి జనం చనిపోతున్నారు. అప్పయ్య తోటివారితో కలిసి అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. జబ్బు తగ్గింది. 1815 జూలైలో తిరిగివచ్చి అమ్మవారి కొయ్యవిగ్రహాన్ని సికింద్రాబాదులో ప్రతిష్ఠించాడు. లష్కరు బోనాలకు ఇదే మూలకథ.

ఈ కథను భక్తికథగానే చదవడం అలవాటయింది. దీని నిర్మాణాన్ని చూస్తే మరొకటి స్పష్టమవుతుంది. బదిలీ ఉత్తర్వు, ప్రయాణం, విడిది, వ్యాధి, తిరుగుప్రయాణం. ఇవి పటాలం జీవితంలోని ఆవృత్తులు. కథలో శత్రువు లేడు. యుద్ధవర్ణన లేదు. దొర పేరు కూడా లేదు. నిలిచినవి మూడే: డోలీ మోసే మనిషి పేరు, అతని పని, అతన్ని భయపెట్టిన జబ్బు. 19వ శతాబ్ది సైన్యాలలో తుపాకీ గుండు కంటే వ్యాధి ఎక్కువమందిని చంపేదన్నది చరిత్రకారులు అంగీకరించిన విషయం. ఆ సత్యాన్ని ఈ కథ విజయగాథల కంటే నిక్కచ్చిగా పట్టుకుంది.

డోలీ మోసేవాడికి ఆ సత్యం ముందుగా తెలుస్తుంది. గాయపడినవాడినీ రోగినీ భుజాన మోసేది అతడే. పటాలంలో ఎంతమంది పడిపోతున్నారో అతని భుజానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మొక్కు అతని నోట రావడం యాదృచ్ఛికం కాదు.

5. గంగా దీన్, అప్పయ్య: రెండు దృష్టులు

కిప్లింగ్ 1890లో ప్రచురించిన ‘గంగా దీన్’ కవితలో పటాలానికి నీళ్లు మోసే భిస్తీ కథానాయకుడు. చెప్పేది మాత్రం తెల్ల సిపాయి. అతడు గంగా దీన్‌ను తిట్టానని, కొట్టానని ఒప్పుకుంటాడు. గాయపడిన తనను డోలీ దాకా చేర్చి గంగా దీన్ ప్రాణం విడిచాక, తనకంటే అతడే గొప్పవాడని అంగీకరిస్తాడు. పరిచారకుడి విలువ అతని మరణంతో రుజువవుతుంది. ఆ రుజువును ప్రకటించే అధికారం యజమాని జాతికే ఉంటుంది. గంగా దీన్‌కు భయం ఉందో లేదో, ఊరు ఎక్కడో, దేవుడెవరో కవిత అడగదు.

అప్పయ్య కథ దీనికి తలకిందులు. ఇందులో పరిచారకుడు బతికి వస్తాడు. మొక్కు అతనిది, నిర్ణయం అతనిది, ప్రతిష్ఠ అతనిది. పటాలం అతని జీవితంలో ఒక సందర్భం మాత్రమే. గంగా దీన్ సేవకు ప్రతిఫలం ఒక పొగడ్త. అప్పయ్య శ్రమకు ప్రతిఫలంగా రెండు వందల ఏళ్లుగా ఆషాఢం వస్తూనే ఉంది. ఆంగ్ల సిపాయి జ్ఞాపకం పుస్తకంలో స్థిరపడితే, డోలీ మోసేవాడి జ్ఞాపకం పంచాంగంలో స్థిరపడింది. బోనాల మరునాడు జరిగే రంగంలో పచ్చికుండపై నిలిచిన స్త్రీ వానలు, పంటలు, రోగాల గురించి పలకడం ఆ పాత భయానికి ఏటేటా లభించే వాచికరూపం.

శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ కవిత పల్లకి మోసిన మనుషుల గురించి అడిగింది. ఆ ప్రశ్నను తెలుగు విమర్శ తరచుగా ఉదాహరిస్తుంది. దానికి సమాధానం చెప్పగల ఒక బోయీ పేరు, అతని పని, అతని ప్రయాణం లష్కరు వీధుల్లో అందరి నోటా ఉన్నా, సాహిత్యచర్చలోకి రాలేదు. జానపదవిజ్ఞానం ఒక గదిలో, ఆధునిక కవిత్వం మరొక గదిలో ఉండే పాఠ్యప్రణాళికల విభజనే దీనికి ప్రధాన కారణం.

6. తేదీల సమస్య

ఈ కథను చరిత్రపత్రంగా యథాతథంగా స్వీకరించడం సరికాదు. వైద్యచరిత్ర తొలి కలరా మహమ్మారిని 1817లో బెంగాలులోని జెస్సోర్ నుంచి లెక్కిస్తుంది. ఆ ఏడాది నవంబరులో బుందేల్‌ఖండ్‌లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సైన్యం కలరాతో తీవ్రంగా నష్టపోయింది. డిసెంబరు 21న ఉజ్జయినికి సమీపంలో, క్షిప్రానది ఒడ్డున మహిద్‌పూర్ యుద్ధం జరిగింది. థామస్ హిస్లాప్ నాయకత్వంలోని ఆ సైన్యంలో హైదరాబాదు నుంచి వెళ్లిన దళాలూ ఉన్నాయి. ఆలయ సంప్రదాయం చెప్పే 1813 దీనికి నాలుగేళ్లు ముందు.

ఈ రెంటినీ కలిపి సంప్రదాయపు తేదీని సవరించడం తొందరపాటు అవుతుంది. కలరా వంటి వ్యాధులు 1817కు ముందు కూడా స్థానికంగా ఉండేవి. అయితే మౌఖిక కథనాలు వేర్వేరు అనుభవాలను ఒక మనిషి పేరు చుట్టూ పోగుచేయడం సాధారణం. అందువల్ల కథలోని తేదీ కంటే అనుభవక్రమమే విమర్శకు ముఖ్యం. 1830-31లో ఏనుగుల వీరాస్వామి హైదరాబాదు మీదుగా చేసిన యాత్రకు రూపమైన ‘కాశీయాత్ర చరిత్ర’ అప్పటి దారులను, మజిలీలను, బోయీల ప్రయాణాన్ని తెలుగు వచనంలో నమోదు చేసింది. అప్పయ్య కథను ఈ గ్రంథం పక్కన పెట్టి చదివితే బోయీ ఎదుర్కొన్న భౌతికస్థితి మరింత స్పష్టమవుతుంది.

7. క్షేత్రపరిశోధనకు అవకాశం

సికింద్రాబాదు కథ ప్రసిద్ధమైనది. ప్రసిద్ధం కానివి ఎన్నో ఉండే అవకాశముంది. సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ ఇందుకు తగిన క్షేత్రం. పూర్వపు హైదరాబాద్ రాజ్యంలో భాగమై, బీదర్ సీమకు ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నిత్యవ్యవహారంలో కలుస్తాయి. గ్రామదేవతల గుళ్ల స్థాపనకథలు సేకరించేటప్పుడు మూడు ప్రశ్నలు అదనంగా అడగవచ్చు. ప్రతిష్ఠించినవారు ఏ పని మీద ఊరు విడిచారు? ఏ జబ్బుకు మొక్కుకున్నారు? కథలో సైన్యానికి వాడిన మాట ఏది: పటాలమా, పల్టనా, దండా, లష్కరా? మాటను బట్టి ఆ అనుభవం ఏ భాషాదారిలో ఊరు చేరిందో అంచనా వేయవచ్చు. చాకలి, మంగలి, భిస్తీ, వంటవాడు, గుర్రపువాడు వంటి పరిచారకవృత్తుల కుటుంబాల కథనాలకు ఇందులో తొలిస్థానం ఇవ్వాలి.

8. ముగింపు

• పటాలం దినచర్య తెలుగులో నమోదు కాలేదన్న అభిప్రాయం లిఖిత సాహిత్యానికి పరిమితమైన పరిశీలన వల్ల ఏర్పడింది.

• సురిటి అప్పయ్య కథనం యుద్ధాన్ని వ్యాధి, ప్రయాణం, మోత అనే ప్రమాణాలతో కొలిచింది. ఈ విషయంలో అది 20వ శతాబ్ది పదాతి రచనలకు సన్నిహితం.

• ‘గంగా దీన్’లో పరిచారకుడు చూడబడే వస్తువు. అప్పయ్య కథలో చూసే కన్ను అతడిదే.

• ఆలయ సంప్రదాయపు తేదీలకూ కలరా చరిత్రకూ మధ్య ఉన్న అంతరాన్ని దాచకుండా చర్చించడం వల్ల కథ విలువ తగ్గదు, చదివే పద్ధతి కచ్చితమవుతుంది.

పల్లకి మోసినవారి పేర్లు దొరకవన్న నిరాశ తెలుగు విమర్శలో పాతది. కనీసం ఒక పేరు దొరికింది. దానిని భక్తికథల పట్టిక నుంచి యుద్ధసాహిత్య చర్చలోకి తీసుకురావడం ఇకపై జరగవలసిన పని.